మూగవోయిన మూడవ సిలిండరు

గత కార్తికమాసమున ఒకనాటి వేకువను ఏలూరునుండి విజయవాడకు వచ్చుచుండగా, హనుమాన్ జంక్షన్ దాటి నాలుగైదు కిలోమీటర్లు సాగితిమో లేదో, అంతవరకును శ్రుతి తప్పని తంబురవలె మ్రోగుచుండిన మా కారు ఇంజను ఉన్నట్టుండి కుంటుట మొదలుపెట్టెను. రోడ్డుప్రక్కన ఒక టీకొట్టు ముందర బండి నిలిపి, గేరు తీసి, ఇంజనును ఆపక వినుచు కూర్చుంటిని. మూడు దెబ్బలు, ఒక ఖాళీ. మరల మూడు దెబ్బలు, ఒక ఖాళీ. స్టీరింగు అరచేతులలో వణకుచుండెను. గేరుకర్ర తల యూపుచుండెను. ఎదుట మీటర్ల పలకపై ఇంజను బొమ్మగల పసుపుపచ్చని దీపము వెలిగియుండెను. టీకొట్టు యజమాని గ్లాసు అందించుచు, "మిస్సింగ్ కొడుతోందండీ బండి, ఓసారి చూపించుకోండి" అనెను. అతడు బండి వంక చూడనైన లేదు, చెవియే చాలినది.

విజయవాడ చేరి మొదట కనబడిన వర్క్‌షాపులో బండిని అప్పగించితిని. అచటి యువకుడు స్టీరింగు క్రిందనున్న 16 కాళ్ల సాకెట్టునకు స్కానరు తగిలించి, తెరపై వచ్చిన పి-0203 అను సంకేతమును చూచిన మరుక్షణమే, "మూడో ఇంజెక్టర్ పోయిందండీ, మార్చేద్దాం" అనెను, మార్చెను. పాత ఇంజెక్టరును ఒక వార్తాపత్రిక ముక్కలో చుట్టి నా చేతికియ్యగా నేను దానిని డిక్కీలో పడవేసితిని. బండి రెండు దినములు చక్కగా నడచి, మూడవనాడు ఎండ ముదిరినవేళ బెంజి సర్కిల్ సిగ్నలువద్ద మరల అవే మూడు దెబ్బలను, అదే ఖాళీని వినిపించెను. స్కానరు అబద్ధమాడలేదు; ఆ యువకుడును నన్ను మోసగింపలేదు. స్కానరు చెప్పినది ఒకటి, అతడు విన్నది మరియొకటి. కారు కొనుట ఒకప్పటివలె శ్రీమంతులకే పరిమితము కాని ఈ దినములలో, ఆ రెంటి నడుమనున్న భేదము బండి యజమానికిని కొంత తెలిసియుండవలెనని నాకు గట్టిగా తోచుటచేత ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

పెట్రోలు ద్రవరూపమున ఉన్నంతవరకు ఇంజనులో కొరగాదు. అది సన్నని తుంపరగా చిట్లి, గాలిలో ఆవిరియై, తూకములో ఒక వంతు పెట్రోలునకు సుమారు 14.7 వంతుల గాలి చొప్పున కలిసినపుడే ప్లగ్గు విసరిన నిప్పురవ్వను అందుకొని పిస్టనును క్రిందికి నెట్టగలదు. అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని కార్ల కాలమున ఈ మేళనము కార్బొరేటరు వంతు. ఇంజను పీల్చు గాలి ఒక ఇరుకైన గొంతుకగుండ పరుగెత్తునపుడు అచట పీడనము తగ్గును. ఆ తగ్గిన పీడనమే చిన్న తొట్టిలోని పెట్రోలును సన్నని రంధ్రముగుండ పైకి లాగి గాలిలో చిమ్మును. ఇంతకంటె సులభమైన యంత్రము లేదు. కాని ఎండకును చలికిని, కొండకును మైదానమునకును తగినట్లు పాలు మార్చుకొను నేర్పు దానికి స్వల్పము. విద్యుచ్ఛక్తితో తెరచుకొని మూసికొను చిన్న కవాటముచేత పెట్రోలును కొలిచి చిమ్మింపవచ్చునను ఆలోచనను అమెరికాలో బెండిక్స్ సంస్థ 1950ల చివరలోనే కార్లయందు పరీక్షించినను, దానిని పెద్దయెత్తున నిలద్రొక్కించినది 1967లో జర్మనీకి చెందిన బాష్ సంస్థ వోక్స్‌వాగన్ 1600 కారునకు సమకూర్చిన ఏర్పాటే. మన దేశమున 2000వ సంవత్సరము పరిసరములలో పొగ నిబంధనలు బిగిసినప్పటినుండి కార్బొరేటరు క్రమముగా తొలగిపోయి, కార్ల వెనుక భాగమున 'ఎంపీఎఫ్‌ఐ' అను అక్షరములు మెరయసాగినవి. సిలిండరునకొక ఇంజెక్టరు చొప్పున అమర్చిన పద్ధతియే ఆ అక్షరముల అర్థము.

ఇంజెక్టరును చేతిలో పట్టుకొని చూచినవారికి అది చూపుడువ్రేలంత పొడవుగల లోహపు గొట్టమువలె అగపడును. లోపల సన్నని రాగితీగ చుట్ట. దాని నడుమ ఒక సూది. సూదిని క్రిందికి అదిమిపట్టియుంచు చిన్న స్ప్రింగు. చుట్టలో విద్యుత్తు ప్రవహించినపుడు అది అయస్కాంతమై సూదిని పైకి లాగును. ప్రవాహమాగిన తక్షణము స్ప్రింగు మరల మూసివేయును. సూది లేచు ఎత్తు ఒక వెండ్రుక మందమునకు మించదు. కారు టైరులో మనము 30 పౌండ్లకు అటునిటుగా గాలి నింపుచుండగా, ఇంజెక్టరు వెనుక పెట్రోలు 40 పౌండ్లకు పైబడిన ఒత్తిడితో నిలిచియుండును. కావున ఆ వెండ్రుకవాసి సందు చాలును. ఇంజను ఊరక నిలిచి తిరుగునపుడు నిమిషమునకు 800 చుట్లు తిరుగుననుకొన్నచో, రెండు చుట్లకొక పర్యాయము వంతున ఒక్కొక్క ఇంజెక్టరు నిమిషమునకు 400 మారులు తెరచి మూయును. తెరచిన ప్రతి పర్యాయమును అది తెరచియుండు కాలము సెకనులో వేయింట రెండు మూడు వంతులు మాత్రమే. చెవి ఒగ్గి వినువారికి ఆ చప్పుడు కుట్టుమిషను సన్నగా నడచినట్లుండును. ఇంత చిన్న వస్తువు ఏండ్ల తరబడి, పెట్రోలులో మునిగి, ఇంజను వేడిమిని భరించుచు ఈ పని చేయుచుండుట నాకు ఎన్నడును సామాన్యముగా తోచదు.

ఇక దానికి విద్యుత్తు వచ్చి పోవు దారిని తెలిసికొనవలెను. రోగమంతయు ఆ దారిలోనే ఉన్నది. బ్యాటరీనుండి బయలుదేరిన కరెంటు ఒక ఫ్యూజును, ఒక రిలేను దాటి నాలుగు ఇంజెక్టర్లకును నాలుగు పాయలుగా చీలును. తాళపుచెవి త్రిప్పినది మొదలు ఆ పాయలయందు 12 వోల్టులు ఎల్లప్పుడును సిద్ధముగా నుండును. అట్లయిన ఇంజెక్టరు ఏల ఎల్లప్పుడును తెరచియుండదు? ఏలయనగా చుట్టలోనికి వచ్చిన కరెంటునకు బయటికి పోవు దారి కావలెను. ఆ దారి ఇంజను కంప్యూటరు లోపలనున్న ఒక ట్రాన్సిస్టరు చేతిలో ఉన్నది. మన కాలువలకు ఎగువ లాకు, దిగువ లాకు ఉండుట ఎరిగినవారికి ఈ ఏర్పాటు సులభముగా బోధపడును: ఎగువ లాకు ఎప్పుడును తెరచియే యుండును, దిగువ లాకును ఎత్తుచు దించుచు కంప్యూటరు ప్రవాహమును నడపును. దిగువ లాకు ఎత్తుటనే మన మెకానిక్కులు 'ఎర్త్ ఇవ్వడం' అందురు.

కంప్యూటరునకు కన్నులు లేవు; బానెట్టు క్రింద ఏమి జరిగినదో అది చూడజాలదు. దానికి తెలిసినది ఒక్కటే: తన కాలివద్ద వోల్టేజి ఎంత ఉన్నదన్న సంగతి. దిగువ లాకు మూసియున్నపుడు, మూసిన కుళాయి వెనుక నీటి ఒత్తిడి నిలిచినట్లు, చుట్టగుండ వచ్చిన 12 వోల్టులు ఆ కాలివద్ద కనబడవలెను. లాకు ఎత్తినపుడు ఆ వోల్టేజి ఇంచుమించు సున్నకు పడిపోవలెను. మూసియున్నపుడు 12 వోల్టులు కనబడలేదనిన దారి ఎక్కడనో తెగియుండవలెను, లేదా తీగ ఇంజను లోహమునకు అంటుకొనియుండవలెను. ఎత్తినపుడు సైతము వోల్టేజి పడలేదనిన తీగ కరెంటుగల మరియొక తీగకు తగులుకొనియుండవలెను. ఇట్టి అవకతవక నిలకడగా అగపడినపుడు కంప్యూటరు ఒక సంకేతమును జ్ఞాపకములో వ్రాసికొని పసుపు దీపమును వెలిగించును.

అమెరికాలో 1996 నాటినుండి అమ్ముడైన కార్లన్నిటికిని ఒకే తీరు సంకేతములు తప్పనిసరి యగుటచేత, ఆ భాషయే కాలక్రమమున లోకమంతటికిని సామాన్యమైనది. అందు 'పి' అనునది ఇంజనును గేరుపెట్టెను సూచించును. తరువాతి సున్న ఇది అన్ని కంపెనీలకును ఉమ్మడి సంకేతమని చెప్పును. 2 అనునది ఇంధనపు కొలతకు, ఇంజెక్టర్ల సర్క్యూట్లకు సంబంధించిన వరుస. చివరి 03 మూడవ సిలిండరు. అనగా పి-0203 పలుకునది 'మూడవ ఇంజెక్టరు సర్క్యూటులో దోషమున్నది' అని. ఆ వాక్యములో ప్రాణమంతయు సర్క్యూటు అను మాటయందున్నది. ఎగువ తీగ, తీగలను ఇంజెక్టరునకు తగిలించు కప్లరు, అందలి రెండు పిన్నులు, చుట్ట, దిగువ తీగ, కంప్యూటరు కాలు, లోపలి ట్రాన్సిస్టరు: ఇన్ని ఊళ్లు గల దారిలో దొంగతనము జరిగినదని వార్త రాగా, నా మొదటి మెకానిక్కు విచారణ లేకయే ఒక ఊరివానిని పట్టి కట్టివేసెను.

ఆటోనగరులో లారీ బాడీలు కట్టు షెడ్ల వెనుక వీధిలో ఒక వృద్ధ మేస్త్రి ఉన్నాడని మిత్రులు చెప్పగా బండిని అచటికి తోలుకొనిపోయితిని. ఆయన స్కానరును ముట్టలేదు. బానెట్టు ఎత్తుటకు ముందు నన్నొక పీటపై కూర్చుండబెట్టి, "చలిమీద మిస్సవుతోందా, వేడెక్కాకా? వానలో తడిసిందా? ఈ మధ్య ఇంజన్ మీద ఎవరైనా చెయ్యి పెట్టారా? గుంటలో పడ్డప్పుడు ఏమైనా తేడా వస్తోందా?" అని వరుసగా అడిగెను. వేడెక్కిన తరువాత ఎక్కువగుననియు, గుంటలో పడినపుడు ఒక్కొక్క పర్యాయము బాగుపడుననియు నేను చెప్పగా, ఆయన తల పంకించి, "ఇంజెక్టర్ గుంటలో పడితే బాగవదండీ, తీగ అవుద్ది" అనెను. అప్పటికింకను ఒక్క పనిముట్టును చేతబట్టలేదు.

మొదట మూడవ సిలిండరు ప్లగ్గు ఊడదీయించి ముక్కువద్ద పెట్టుకొనెను. నాకును వాసన చూపెను. ఏ వాసనయు లేదు. పింగాణి మొన పొడిగా, ఎండిన సున్నపురాయివలె నుండెను. ఇందులోని తర్కము మిక్కిలి చక్కనిది. సిలిండరు మండకపోవుటకు నిప్పు లేకపోవుట కారణమైనచో పెట్రోలు వచ్చి చేరి, ప్లగ్గును తడిపి, ఘాటైన వాసన వేయును. పెట్రోలే రాకపోవుట కారణమైనచో ప్లగ్గు ఎండియుండును. ఆ చిన్న పరీక్షతో నిప్పురవ్వకు కరెంటునిచ్చు కాయిలును, ప్లగ్గును అనుమానితుల పట్టికనుండి ఒక్కమారుగా తొలగిపోయినవి. తరువాత ఇంజను స్టార్టు చేయించి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజెక్టరుకు ఆనించి, పిడిని చెవికి చేర్చి ఒక్కొక్కదానిని వినెను. నన్నును వినమనెను. ఒకటవది, రెండవది, నాలుగవది టకటకమని నిలకడగా కొట్టుకొనుచుండగా, మూడవదానియందు దూరముననున్న ప్రక్క ఇంటి గడియారమువంటి మసక చప్పుడు మాత్రమే. అదియు నడుమనడుమ తప్పిపోవుచుండెను. ఆ మసక చప్పుడు దానిది కాదనియు, ఇరుగుపొరుగు ఇంజెక్టర్ల శబ్దము లోహముగుండ ప్రాకి వచ్చుచున్నదనియు ఆయన వివరించెను.

ఇంజనును ఆపి చల్లారనిచ్చి, మీటరును ఓముల గుర్తువద్ద నిలిపి, కప్లర్లను విప్పి నాలుగు చుట్టలను కొలిచెను: 13.0, 13.2, 12.8, 13.1. మామూలు పెట్రోలు కార్లలో ఈ చుట్టల నిరోధము 12నుండి 16 ఓముల నడుమ ఉండుట పరిపాటి. 1827లో జర్మనుడైన జార్జి ఓము ప్రకటించిన సూత్రమే ఇచట పనిచేయుచున్నది: 13 ఓముల చుట్టకు ఇంజను నడచునప్పటి 13, 14 వోల్టులు తగిలించినచో ఇంచుమించు ఒక ఆంపియరు ప్రవహించును, సూదిని ఎత్తుటకు ఆ ఆంపియరు చాలును. నాలుగును దగ్గరదగ్గరగా నున్నవి గనుక చుట్టలయందు దోషము లేదు. ఈ కొలతను చల్లారిన పిమ్మటనే తీయుటకు కారణమున్నది. రాగి ఒక్కొక్క డిగ్రీకి నూటికి సుమారు 0.4 వంతు చొప్పున నిరోధమును పెంచుకొనును. చల్లని ఉదయమున 13 చూపిన చుట్టయే ఇంజను కాగిన తరువాత దాదాపు 16 చూపును. వేడిమీద కొలిచి, పుస్తకములోని అంకెతో పోల్చి, మంచి ఇంజెక్టరును చెడ్డదని పారవేయుట జరుగుచునే యుండును. పుస్తకములోని అంకెకంటె ప్రక్కనున్న మూడింటితో పోల్చుటయే క్షేమము. ఐతే చలిమీద సరిగా ఉండి, వేడిమీద లోపలనే తెగిపోవు చుట్టలును లేకపోలేదు. కాబట్టి ఆయన ఇంజనును కాచి మరియొక పర్యాయము కూడ కొలిచెను. నాలుగును ఒక్క తీరుగా పెరిగినవి.

పిమ్మట ఎగువ దారి. గాజుబుడ్డి టెస్ట్ ల్యాంపు పట్టీని ఇంజను లోహమునకు తగిలించి, తాళపుచెవి త్రిప్పించి, మూడవ కప్లరులోని కరెంటు పిన్నుకు మొనను తాకింపగా దీపము తెల్లగా వెలిగెను. ఈ దీపము వెలుగకున్నచో, మూడవది ఒక్కటియే గాక నాలుగును మూగవోయినవా యని చూడవలెను. నాలుగును పోయినచో ఫ్యూజు, రిలే వంటి ఉమ్మడి భాగములను వెదకవలెను, ఒక్కటియే పోయినచో దాని సొంత పాయను వెదకవలెను. ఎగువ బాగున్నది. ఇక దిగువను తెలిసికొనుటకు, ఇంజెక్టరుకు బదులు కప్లరులోనే గుచ్చు చిన్న బల్బును తీసెను; దానిని పనిముట్ల దుకాణములలో నాయిడ్ లైటు అందురు. కంప్యూటరు ఎర్త్ ఇచ్చిన ప్రతిసారియు అది మినుకుమనవలెను. ఒకటవ కప్లరులో అది చురుకుగా మినుకుమినుకుమనెను. మూడవదానిలో నూనె తరిగిన దీపమువలె ఎర్రగా, తప్పుచు తడబడుచు కొట్టుకొనెను.

ఇచటికి అనుమానము రెండింటిమీదనే మిగిలినది: దిగువ తీగయా, కంప్యూటరా? బ్యాటరీ తీగను విప్పి, కంప్యూటరు కప్లరును ఊడదీసి, తీగ ఆ కొసను ఈ కొసను మీటరుతో తాకించి బీప్ శబ్దము వచ్చునేమోనని చూడగా, శబ్దము చక్కగా వచ్చెను. పనివారిలో పలువురు ఇచటనే బోల్తాపడుదురు. తీగ బాగున్నదని మీటరు మ్రోగినది గదా, ఇక మిగిలినది కంప్యూటరే గదా యని, వేలకు వేలు పోసి దానిని మార్పింతురు. కాని మీటరు ఆ పరీక్షకై తీగలోనికి పంపు కరెంటు అత్యల్పము. పది ఓముల అడ్డంకి ఉన్నను ఊరక మ్రోగు మీటర్లు పెక్కు. ఇరువది పోగుల తీగలో పందొమ్మిది తెగిపోయి ఒక్క పోగు మిగిలినను ఆ స్వల్ప ప్రవాహము దాటిపోవును. ఎండాకాలపు పిల్లకాలువలో చీమ దాటినంతమాత్రమున పడవ దాటునని చెప్పగలమా? తీగ బలమును తెలియవలెనన్న దానిపై బరువు పెట్టి చూడవలెను.

ఆయన బరువు పెట్టిన తీరు నాకిప్పటికిని కండ్లకు కట్టినట్లున్నది. రెండు కొసలును విడివడియున్న ఆ దిగువ తీగకు ఒక వైపున చిన్న ఫ్యూజుగుండ బ్యాటరీ కరెంటునిచ్చి, రెండవ వైపున 21 వాట్ల ఇండికేటరు బల్బును కలిపి, బల్బు మరియొక కాలును ఎర్త్ చేసెను. కంప్యూటరు కప్లరు విప్పియుండుట ఈ పరీక్షకు ప్రాణము. లేనిచో బల్బు కరెంటు లోపలికి పోయి ట్రాన్సిస్టరును మాడ్చివేయును. ఈ బల్బు రెండు ఆంపియర్లకు కొంచెము తక్కువగా లాగును, అనగా ఇంజెక్టరు లాగుదానికంటె ఎక్కువ. మొదట రెండవ ఇంజెక్టరు దిగువ తీగతో చూడగా బల్బు కన్ను చెదరునట్లు వెలిగెను. మూడవ తీగతో చూడగా లోపలి పోగు మాత్రము నిప్పుకణికవలె ఎర్రబడి నిలిచెను. "అదిగోండి, పట్టేశాం" అని చిన్నగా నవ్వి, "ఒరేయ్ చిన్నా, బల్బు మీద కన్నుంచు" అని శిష్యునికి చెప్పి, తాను నల్లని పైపు తొడుగులోనున్న తీగల కట్టను కప్లరునుండి మొదలుపెట్టి అంగుళమంగుళముగా వంచుచు పోయెను. జానెడు దూరమున, "వెలిగింది మేస్త్రీ! ... మళ్లీ తగ్గింది!" అని కుర్రవాడు అరచెను.

తొడుగు చీల్చి, టేపు విప్పగా తీగ పైతోలు పైకి బాగుగనే కనబడెను. ఆయన దానిని వెలుతురునకు త్రిప్పి, గోటితో చూపెను: సూదిమొనంత రంధ్రము. దానిచుట్టు తోలు కొంచెము ఉబ్బియున్నది. బ్లేడుతో ఒలువగా లోపల రాగి లేదు. పచ్చని పొడి ఉన్నది. ఆ పొడి నడుమ ఒకటి రెండు పోగులు మాత్రము మిగిలి, వేడికి తీగ సాగినపుడు విడిపోవుచు, కుదుపునకు మరల తగులుకొనుచు నుండెను. "ఎప్పుడో ఎవరో కరెంటు వస్తోందో లేదో అని గుండుసూది గుచ్చారండీ. కన్నం అలాగే వదిలేశారు. ఈ వానలకి నీళ్లు దిగాయి" అని ఆయన చెప్పెను. ఎవరు గుచ్చిరో, ఎన్నడు గుచ్చిరో నాకు తెలియదు. పదునొకండేండ్లలో ఆ బండి ఎందరి చేతులలోనో పడినది. పరీక్షించుటకై చేసిన గాయమే రోగమైన తీరు చూచి నాకు మనసు చివుక్కుమన్నది. తీగ తోలును గుచ్చవద్దు. కప్లరు వెనుకనుండి సన్నని పిన్నును తీగ ప్రక్కగా జొనిపి కొలువవచ్చును. ఎంతమాత్రము తప్పనపుడు గుచ్చినను, ఆ రంధ్రమును వెంటనే మూయవలెను. బండిని మెకానిక్కునకు అప్పగించు ప్రతివారును ఈ ఒక్కమాట చెప్పి అప్పగించుట మంచిది. తోలును కొరుకుటకు ఎలుకలును పందికొక్కులును ఎట్లును సిద్ధముగనే ఉన్నవి. పక్షము దినములు కదలక నిలిచిన కారు బానెట్టు వానికి వెచ్చని ఇల్లు.

మా తీగ తెగిపోయినది గనుక మా సిలిండరు ఊరక పస్తుండినది. ఇదే తీగ ఒరిసికొని ఇంజను లోహమునకు అంటుకొనియుండినచో కథ వేరుగా నుండెడిది. అప్పుడు దిగువ లాకు ఎల్లవేళల ఎత్తియున్నట్లే. తాళపుచెవి త్రిప్పిన క్షణమునుండి ఇంజెక్టరు మూతపడక పెట్రోలును ధారగా క్రుమ్మరించును. పొగ నల్లబడును, ఇంజను ఆయిలులో పెట్రోలు కలిసి దాని జిడ్డును కడిగివేయును, మండని పెట్రోలు పొగగొట్టములోని క్యాటలిటిక్ కన్వర్టరునకు చేరి అచట మండి, ప్లాటినము పల్లేడియములు పూసిన దాని పింగాణి జల్లెడను కరగించును. గాలివలె నొక్కుడుపడని ద్రవము సిలిండరులో నిండినపుడు సెల్ఫు కొట్టినచో కనెక్టింగ్ రాడ్డు వంగిపోవుటయు సంభవము. కావున పెట్రోలు వాసన గుప్పుమన్నపుడుగాని, పసుపు దీపము నిలకడగా వెలుగుట మాని టపటప మిణుకుచున్నపుడుగాని, ఇల్లు దగ్గరే గదా యని నడపవద్దు; ప్రక్కకు తీసి ఆపివేయవలెను.

నేను చెప్పిన పరీక్షలు పెట్రోలును పీల్చుడు గొట్టములో చిమ్ము మామూలు కార్లకు మాత్రమే చెల్లును. సిలిండరు లోపలికే నేరుగా చిమ్ము క్రొత్త పెట్రోలు ఇంజన్లలో ఇంజెక్టరునకిచ్చు విద్యుత్తే 60 వోల్టులను దాటుచుండును. కామన్ రైల్ డీజిలు ఇంజన్లలో ఇంధనపు ఒత్తిడి 1600 బార్లను మించుటయు కలదు, ఆ ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. వానిని తగిన శిక్షణ గలవారికే విడువవలెను. పెద్ద వర్క్‌షాపులలో ఆసిలోస్కోపు అను తెరపై ఇంజెక్టరు నాడిని గీతగా చూచు సదుపాయము కలదు. గీత 12 వోల్టులవద్ద సాగి, సున్నకు పడి, రెండు మూడు మిల్లీసెకన్ల తరువాత ఒక్కసారిగా 60 వోల్టులకు పైగా ఎగసి మరల దిగును. 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణ ధర్మమే ఆ ఎగసిపాటునకు మూలము: ప్రవాహము తెగినపుడు చుట్టలోని అయస్కాంతబలము కూలుచు తానే వోల్టేజిని పుట్టించును. దిగు గీతలో ఒకచోట చిన్న బుడిపె అగపడును. సూది మూతపడిన గుర్తు అది. బుడిపె లేకున్నచో కరెంటు సరిగా ఉన్నను సూది ఇరుకుకొన్నదన్నమాట.

మేస్త్రి తుప్పుపట్టినంతమేర తీగను కత్తిరించి, రెండు వైపుల మెరయు రాగి కనబడువరకు ఒలిచి, నడుమ అంతే మందముగల క్రొత్త తీగను మెలిపెట్టి టంకము వేసి, రెండు అతుకులపైనను స్లీవులు తొడిగి వేడిగాలితో బిగించెను. కట్టను మునుపు ఒరసికొనుచుండిన ఇనుప క్లాంపుకు దూరముగా త్రిప్పి కట్టెను. మరల బల్బు పెట్టి చూచెను, తెల్లని వెలుగు. అన్నియు బిగించి ఇంజను స్టార్టు చేయగా నాలుగు దెబ్బలును వరుసగా పడినవి. ఆయన అంతటితో తృప్తి పడక, స్క్రూడ్రైవరును చెవికి చేర్చి మూడవ ఇంజెక్టరును చాలసేపు వినెను. అప్పుడు మాత్రము స్కానరు తెప్పించి సంకేతమును తుడిపించి, నా ప్రక్కన కూర్చుండి, ఎండలో అరగంట బండి నడిపించి, కావలెనని గుంటలమీదుగా పోనిచ్చి, తిరిగివచ్చి మరల చూపించెను. తెరపై ఏ సంకేతమును లేదు. అడిగిన కూలి మూడువందల యాబది రూపాయలు.

సెలవు తీసికొనుచుండగా డిక్కీలోని వార్తాపత్రిక పొట్లము జ్ఞాపకమునకు వచ్చి తెచ్చి చూపితిని. ఆయన విప్పి, మీటరు తాకించెను: 13.1. పిమ్మట 9 వోల్టుల చిన్న బ్యాటరీని దాని పిన్నులకు రెప్పపాటు మాత్రము తాకించి తీసెను. టక్‌మని లోపల సూది లేచి పడెను. మరియొక పర్యాయము తాకించెను, టక్. తిరిగి ఆ కాగితములోనే చుట్టి నా చేతిలో పెట్టుచు, "దీనికేం రోగం లేదండీ. పారెయ్యకండి, దాచుకోండి" అనెను.